తిన్నగా వేలాడిన జపమాల

విమానం ఎడమకు తిరుగుతోంది. నడుపుతున్న నషిపాయ్‌కి ఆ సంగతి తెలియదు. పక్క సీట్లో కూర్చున్న వంజిరాకు తెలుసు, కానీ ఆవిడ నోరు విప్పలేదు. అడక్కుండానే చెప్పేస్తే ఇంక పాఠం ఏముంటుంది?

నషిపాయ్ నెత్తి మీద ముందుకు పొడుచుకొచ్చిన అంచున్న టోపీ ఉంది. దాని వల్ల కిటికీలోంచి ఆకాశం గానీ నేల గానీ కనిపించవు, ముందున్న డయల్సే కనిపిస్తాయి. మబ్బులో చిక్కుకున్నవాళ్ళ గతి అదే కాబట్టి నేర్చుకునేవాళ్ళకు ఆ టోపీ పెడతారు. అది చాలనట్టు, నేలను, ఆకాశాన్ని బొమ్మ గీసి చూపించే పెద్ద డయల్ మీద వంజిరా ఓ కాగితం అంటించింది. "ఇది చచ్చిపోయిందనుకో. ఇప్పుడు నడుపు," అంది.

ఇక మిగిలింది కింద ఉన్న చిన్న డయల్. అందులో ఒక ముల్లు, ముల్లు కింద వంకర గాజు గొట్టంలో ఓ నల్ల బంతి. విమానం ఎటు తిరిగితే ముల్లు అటు ఒరుగుతుంది. దానికి తెలిసింది అదొక్కటే. మబ్బులో ప్రాణం నిలబెట్టేది కూడా అదొక్కటే.

ముల్లు ఎడమకు ఒరిగి ఉంది. నషిపాయ్ దాన్ని చూసింది. చూసింది గానీ నమ్మలేదు, ఆ పిల్ల మొహమే చెబుతోంది. చూపు కొంచెం పైకి పోయింది. అక్కడ ఓ గుబ్బకు చెక్కపూసల జపమాల కట్టి ఉంది. దాని చివర శిలువ అటూ ఇటూ ఊగకుండా తిన్నగా కిందికి వేలాడుతోంది. నషిపాయ్ భుజాలు సడలాయి.

"హమ్మయ్య, తిన్నగానే పోతున్నాం," అని గొణుక్కుంది.

వంజిరా చూపు అప్పుడే ఆ జపమాల మీద పడింది. "వదిలెయ్. నా చేతికివ్వు. టోపీ తియ్!"

నషిపాయ్ టోపీ తీసింది. ఎడమ రెక్క నేలకేసి వంగి ఉంది, దాని కింద ఆథి మైదానం, అందులో చీమల్లాంటి ఆవులు మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయి.

"అమ్మో! ఎప్పుడు తిరిగాం మేడం? నాకేం తెలీలేదే!"

"ముల్లు చెప్పింది. నువ్వే వినలేదు. ఈ జపమాల ఎక్కడిది?"

"మీ అమ్మగారిచ్చారు. మీకు తెలీదా? అందరికీ ఇస్తున్నారుగా. సోమవారం నుంచి మరలాల్ దారి నాదే అని చెప్పాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఏ విమానం ఎక్కితే అందులో కళ్ళెదురుగా కట్టుకో తల్లీ అన్నారు."

మరలాల్ దారి అంటే న్యాందరువా కొండల మీదుగా ఆ ఊరికి మందుల పెట్టెలు మోసుకుపోయే దారి. మొన్న జులై వరకూ ఆ దారి గచాంజది. వంజిరా తమ్ముడు గచాంజది.

*

గచాంజ వాళ్ళమ్మ పేరు న్యగుథీ. ఆ పేరు పిలిచేవాళ్ళు నైరోబీలో ఎవరూ లేరు. చిన్న విమానాల మైదానం గేటు పక్కన రేకుల కొట్టులో చాయ్, నూనెలో వేయించిన తీపి మండాజీలు అమ్ముతుంది. మెకానిక్కులు, పైలట్లు, సామాను మోసేవాళ్ళు అందరూ ఆవిణ్ణి గచాంజ వాళ్ళమ్మా అనే పిలుస్తారు. కొడుకు పోయినా పిలుపు పోలేదు. పొద్దున లేచింది మొదలు ఆ పేరు చెవిన పడుతూనే ఉంటుంది, ఆవిడ చాయ్ వడపోస్తూ పలుకుతూనే ఉంటుంది.

గికుయు తెగవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకు పేర్లు వరస ప్రకారం పెడతారు. మొదటి ఆడపిల్లకు నాన్నమ్మ పేరు, రెండో మగపిల్లాడికి తల్లి తండ్రి పేరు. అందుకే వంజిరా అంటే తల్లికి అత్తగారు. "అత్తగారి పేరు పెట్టుకున్నందుకు అత్తగారి అధికారమే వచ్చింది దీనికి," అని దెప్పిపొడవని రోజు లేదు. గచాంజ మాత్రం ఆవిడకు కన్నతండ్రే. వాడు పాలు తాగే వయసు నుంచీ ఆవిడ వాణ్ణి "నాన్నా" అనే పిలిచింది. వాడు ఆవిడ మాట ఒక్కటంటే ఒక్కటి వింటే ఒట్టు. స్వెటర్ వేసుకోరా అంటే చొక్కా గుండీలు విప్పుకుని పోయేవాడు. పాత ఊరు కినాంగొప్‌లో ఉన్నప్పుడు పొద్దున్నే డైరీకి పాలు మోసుకుపోతూ దారంతా క్యాన్‌ను తల మీదుగా గిరగిరా తిప్పేవాడు. వద్దురా, ఒలుకుతాయిరా అని ఈవిడ వెంటపడేది. ఒక్క చుక్క ఒలికేది కాదు. "చూశావా అమ్మా!" అని పళ్ళికిలించేవాడు. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకూ ఈ కథ చెప్పి, తిట్టి, నవ్వి, మురిసిపోయేది.

వాడికి విమానం నేర్పింది వంజిరాయే. స్కూల్లో తిరిగే కుర్చీ ఒకటుంది. కళ్ళకు గంతలు కట్టి కూర్చోబెట్టి మెల్లగా తిప్పుతారు. మొదట్లో ఎటు తిరుగుతున్నామో తెలుస్తుంది. కాసేపటికి చెవి లోపలి నీళ్ళు కూడా కుర్చీతో సమానంగా తిరగడం మొదలెడతాయి, అంతే, ఆగిపోయామని మనిషి ప్రమాణం చేసి చెబుతాడు. నిజంగా ఆపితే రెండో వైపుకు తిరుగుతున్నానని గగ్గోలు పెడతాడు. గచాంజ కూడా పెట్టాడు. చుట్టూ చేరినవాళ్ళు పడీపడీ నవ్వారు. వాడు గంతలు ఊడబీకి, "ఈ చెవి నా సొంత చెవేనా అక్కా? ఇంత మోసమా?" అన్నాడు.

"సొంతదే. అందుకే గుడ్డిగా నమ్ముతావు," అంది వంజిరా. ఓ సైకిలు చక్రాన్ని ఇరుసు పట్టుకుని జోరుగా తిప్పి వాడి చేతుల్లో పెట్టింది. "ఇప్పుడు పక్కకు తిరుగు." వాడు తిరగబోయాడు, చక్రం మొండికేసి ఓ పక్కకు వాలింది. "ముల్లు వెనక ఉండేది ఇదే. ఇలాంటి చిన్న చక్రం లోపల గిర్రున తిరుగుతుంటుంది. నువ్వు తిరిగితే అది వాలుతుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది, ఎంత వాలిందో అంత ముల్లు ఒరుగుతుంది. దానికి చెవి లేదు, భయం లేదు, మొహమాటం లేదు. పెద్ద డయల్ గాలి పంపుతో నడుస్తుంది, ఇది కరెంటుతో నడుస్తుంది. ఒకటి చచ్చినా రెండోది బతికుండాలని. అర్థమైందా?"

"అర్థమైంది అక్కా," అన్నాడు. అర్థమైంది కూడా. తెలివిగల పిల్లాడు.

ఉద్యోగంలో చేరిన రోజు తల్లి మిషన్ చర్చిలో ఫాదర్ చేత దీవెన చేయించిన జపమాల తెచ్చి చేతిలో పెట్టింది. "నాన్నా, ఎదురుగా కట్టుకో. దారి తెలీనప్పుడు దీన్ని చూడు." వాడు వంజిరా వైపు చూసి కన్నుగీటాడు. అమ్మ మనసెందుకు కష్టపెట్టాలని కట్టుకున్నాడు.

జులైలో ఆ కొండల మీద మబ్బు దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. ఆ పొద్దున వంజిరా ఇంకో విద్యార్థితో నైవాషా సరస్సు మీద ఎగురుతోంది. రేడియోలో తమ్ముడి గొంతు వినబడింది.

"అక్కా, నా పెద్ద డయల్ పోయింది. బొమ్మ ఓ పక్కకు పడిపోయింది."

"పంపు పోయినట్టుంది. దాన్ని వదిలెయ్, ముల్లు చూడు. ఏమంటోంది?"

"ఎడమకు తిరుగుతున్నానంటోంది. నేను తిరగట్లేదక్కా. ఒంటికి తెలీదా? బంతి కూడా మధ్యలోనే ఉంది."

"బంతి కాదురా, ముల్లు! కుడికి తిప్పు. ముల్లు మధ్యకొచ్చేదాకా తిప్పు!"

"తిప్పుతుంటే పడిపోతున్నట్టుందక్కా. ముల్లు కూడా పాడైనట్టుంది. అమ్మ జపమాల తిన్నగా ఉంది. నేను తిన్నగానే ఉన్నాను."

ఆ తర్వాత రేడియోలో బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. వంజిరా పిలిచింది. పిలుస్తూనే ఉంది. గొంతు పోయేదాకా పిలిచింది.

ఎందుకలా జరిగిందో ఆవిడకు తెలుసు. విమానం సరిగ్గా వాలి తిరుగుతున్నప్పుడు బరువంతా విమానం అడుగుకేసే లాగుతుంది. గాజు గొట్టంలో బంతి మధ్యలోనే ఉంటుంది. వేలాడే వస్తువు ఆ అడుగుకేసి తిన్నగానే వేలాడుతుంది. చెవిని మోసం చేసిందే జపమాలనూ మోసం చేసింది. ఒకే అబద్ధానికి ఇద్దరు సాక్షులు దొరికారు వాడికి. నిజం చెప్పిన ముల్లు ఒంటరిదైపోయింది.

శవపేటిక దగ్గర తల్లి అడిగింది. "నీతో మాట్లాడాడటగా. ఆఖరున ఏమన్నాడే?"

వంజిరా నోటికొచ్చింది సగమే. "నీ జపమాల చూస్తున్నానన్నాడమ్మా."

న్యగుథీ రెండు చేతులూ గుండెకు హత్తుకుంది. పోలీసులు తెచ్చిచ్చిన ఆ మాలను ఆ రోజు మెడలో వేసుకుంది, మళ్ళీ తియ్యలేదు.

*

నషిపాయ్‌తో పాఠం ముగించుకుని వంజిరా నేరుగా కొట్టుకు పోయింది. తల్లి ఒళ్ళో బుట్ట పెట్టుకుని పూసలు గుచ్చుతోంది. కడాయిలో మండాజీలు మాడుతున్నాయి.

"అమ్మా, నూనె చూడు."

"చూశాలే అత్తగారూ. వచ్చీ రాగానే తనిఖీ."

వంజిరా పొయ్యి తగ్గించి బల్ల మీద కూర్చుంది. "అమ్మా, ఇవి ఇంట్లో పెట్టుకోమని ఇయ్యి. మెడలో వేసుకోమని ఇయ్యి. విమానాల్లో మాత్రం కట్టించకు."

"ఏం? నీ డయల్స్‌కి అడ్డమా?"

"అడ్డమే అనుకో."

"దేవుడు అడ్డమొచ్చాడా నీకు! ఎంత చదివితే మాత్రం ఇంత పొగరా!" న్యగుథీ సూది బుట్టలో గుచ్చేసింది. "వాడు ఆఖరి క్షణంలో దీన్నే చూశాడని చెప్పింది నువ్వు కాదూ? ఆ ఒక్క మాట పట్టుకునే నేను పొద్దున మంచం దిగుతున్నా. నా బిడ్డ భయపడుతూ పోలేదు, మరియమ్మను చూస్తూ పోయాడు. ఆ మాటా తీసేసుకో, ఇంక నాకేముందో చెప్పు!"

వంజిరా లేచి కడాయిలోంచి మాడిన మండాజీలు తీసింది. చెబితే ఈ ముసలి గుండె పగిలిపోతుంది. చెప్పకపోతే సోమవారం నషిపాయ్ ఆ కొండ ఎక్కుతుంది, ఎదురుగా ఈ మాలతో. నషిపాయ్ ఒక్కతేనా? కొట్టులో చాయ్ తాగే పైలట్లందరి విమానాల్లోనూ ఇవి వేలాడుతున్నాయి. తను వెళ్ళి ఒక్కొక్కటీ ఊడదీస్తే ఈవిడ మళ్ళీ గుచ్చి ఇస్తుంది. ఆవిడ చేతులు ఆగాలంటే ఆవిడకే తెలియాలి. మాటలతో చెప్పడానికి మాత్రం వంజిరాకు ధైర్యం చాల్లేదు.

"అమ్మా, రేపు నాతో విమానం ఎక్కుతావా?"

"నేనా? ఆ డబ్బాలోనా? నాకేం పోయేకాలం?" అని కసిరింది. ఓ నిమిషం పూసలు కదిపింది. "వాడు పడ్డ కొండ కనిపిస్తుందా?"

"కనిపిస్తుందమ్మా."

మర్నాడు న్యగుథీ చర్చికి కట్టే బట్టలు కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. సీట్లో కూర్చోగానే మెడలోని మాల తీసి గుబ్బకు కట్టింది. "ఇప్పుడు పద," అంది. వంజిరా ఆపలేదు.

లేచేటప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుని ఒకటే ప్రార్థన. పైకొచ్చాక ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది. కినాంగొప్ పొలాలు, క్యాబేజీ మడులు, తమ పాత ఇంటి రేకుల కప్పు చూసి చిన్నపిల్లలా వేలు పెట్టి చూపించింది. "అదిగో డైరీ! అదిగోనే, వాడు క్యాన్ తిప్పుకుంటూ పోయిన దారి!" కొండ వచ్చింది. వెదురు పొదల మధ్య నల్లగా కాలిన జాగా కనిపించింది. ఆవిడ అద్దానికి అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడు మబ్బులోకి పోతున్నాం. భయం లేదు, కింద విమానాలకు దారిచ్చే ఆఫీసరుకు చెప్పే వచ్చాను," అంది వంజిరా. "అమ్మా, మనం ఎటు పోతున్నామో నువ్వే చెబుతుండు."

తెల్లగా మూసుకుపోయింది. రెక్క చివర కూడా కనపడలేదు. వంజిరా డయల్స్ మీద కళ్ళు పెట్టి, పసిపిల్లను పక్క మీదికి దించినంత మెల్లగా విమానాన్ని ఎడమకు వాల్చింది. ముల్లు ఎడమకు ఒరిగింది. బంతి మధ్యలోనే నిలబడింది.

"చెప్పమ్మా, ఎటు పోతున్నాం?"

న్యగుథీ చుట్టూ చూసింది. ఏమీ కనపడక కంగారుపడి మాలకేసి చూసింది. మొహం తేటపడింది. "తిన్నగానే పోతున్నాం. ఇదిగో, చూడు."

"నిజంగానా?"

"కళ్ళ ముందు కనిపిస్తుంటే నిజంగానా ఏంటే! అణువంతైనా కదల్లేదుగా."

మబ్బు తెగింది. ఎడమ వైపు కిటికీ నిండా నేల వచ్చి నిలబడింది. క్యాబేజీ మడులు, దారి, డైరీ కప్పు, అన్నీ రెక్క చుట్టూ తిరుగుతున్నాయి.

"అమ్మా మరియమ్మా! నేల ఒరిగిపోయిందేంటే!"

"నేల కాదమ్మా. ఒరిగింది మనం. ఇందాకటి నుంచీ తిరుగుతూనే ఉన్నాం."

న్యగుథీ నేలను చూసింది, మాలను చూసింది, మళ్ళీ నేలను చూసింది. మాల ఇప్పటికీ తిన్నగానే వేలాడుతోంది.

"పాల క్యాన్," అంది. "తలకిందులైనా ఒలికేవి కావు."

"అవునమ్మా. అదే ఇది."

"మరి నిజం ఎవరు చెబుతారే?"

వంజిరా ముల్లు మీద వేలు పెట్టింది. న్యగుథీ ముందుకు వంగి చూసింది. చాయ్ గ్లాసు అడుగంత డయల్, అందులో అగ్గిపుల్లంత ముల్లు.

"ఇంత చిన్నదా," అంది. "వాడికీ చెప్పిందా ఇది?"

"చెప్పిందమ్మా."

"వాడు ఆఖరున ఏమన్నాడో మొత్తం చెప్పు. దాచకు. నా మీద ఒట్టు."

వంజిరా రెక్కలు సమంగా తెచ్చింది. కళ్ళలో నీళ్ళు నిండి డయల్స్ అలుక్కుపోయాయి, మోచేత్తో తుడుచుకుంది. "ముల్లు పాడైందన్నాడు. అమ్మ జపమాల తిన్నగా ఉంది, నేను తిన్నగానే ఉన్నాను అన్నాడు."

న్యగుథీ ఏడవలేదు. ముందు ఏడవలేదు. మాల విప్పుతుంటే ముడి రాలేదు. పళ్ళతో లాగి విప్పింది. ఒళ్ళో గుప్పిట్లో పెట్టుకుని దాన్నే చూసింది.

"స్వెటర్ వేసుకోరా అంటే వినలేదు. క్యాన్ తిప్పకురా అంటే వినలేదు. ఈ ఉద్యోగం వద్దురా అంటే వినలేదు," అంది. అప్పుడు ఆవిడ గొంతు పగిలింది. "ఒక్కనాడూ నా మాట వినలేదు కదరా నాన్నా! దారి తెలీనప్పుడు దీన్ని చూడమంటే... అదొక్కటీ విన్నావా నాన్నా! అదొక్కటీ ఎందుకు విన్నావురా!"

ఆ ఏడుపు వంజిరా జన్మలో మరిచిపోలేదు. విమానం నడపడం వదిలి తల్లిని పట్టుకోవడానికి వీల్లేదు. దిగేదాకా ఆ ఏడుపు పక్కనే కూర్చుని విన్నది. దిగాక ఇంజను ఆపి, తల్లిని ఒళ్ళోకి లాక్కుని తనూ ఏడ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక న్యగుథీ మైదానానికి వచ్చింది. ఒక్కో విమానం దగ్గరకూ వెళ్ళి, పైలట్‌ను పిలిచి తలుపు తీయించింది. మాల విప్పి వాళ్ళ చేతిలోనే పెట్టి, "ఇది ఇక్కడ వద్దు బాబూ," అంది. ఎందుకని అడిగినవాళ్ళను వంజిరా దగ్గరికి పంపింది.

ఆదివారం మైదానంలో లేని నషిపాయ్ సోమవారం చాయ్ తాగడానికి వచ్చింది. కొత్త యూనిఫాం, భుజాల మీద కొత్త పట్టీలు. కొండల వైపు మబ్బు పట్టి ఉంది. న్యగుథీ వేడి మండాజీలు కాగితంలో చుట్టి ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు.

"నా మాల ఏది తల్లీ?"

"బ్యాగులో ఉందమ్మా. విమానం ఎక్కగానే కట్టుకుంటా."

"ఇలా ఇయ్యి." ఆవిడ మాలను తీసుకుని ముద్దు పెట్టుకుంది. నషిపాయ్ చొక్కా జేబులో పెట్టి, పైనుంచి గుండీ పెట్టింది. పెట్టాక ఆ జేబు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. "ఇక్కడే ఉండనీ. తియ్యకు. మబ్బులో ఏమీ తోచకపోతే ఆ చిన్న ముల్లు ఉంటుందే, దాన్ని చూడు. అది ఎటంటే అటే. నీ ఒళ్ళు కాదన్నా సరే. విన్నావా?"

"విన్నానమ్మా," అంది నషిపాయ్. కానీ ఆ పిల్లకు మనసొప్పలేదు. "మరి గచాంజన్నకు ఇది ఎదురుగా తోడుందిగా?"

న్యగుథీ చెయ్యి జేబు మీద నుంచి తియ్యలేదు.

"ఉంది తల్లీ," అంది. "అందుకే చెబుతున్నా."